బ్రేడీ ఎలిసన్: వేట విల్లు వేరు, ఒలింపిక్ విల్లు వేరు

2024 ఆగస్టు 2న పారిస్ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ టీమ్ కాంస్యం మ్యాచ్ చూసినవాళ్ళకి ఆ బాధ ఇంకా గుర్తుండే ఉంటుంది. ఒకవైపు మన విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్, అటువైపు అమెరికా జంట కేసీ కాఫ్‌హోల్డ్, బ్రేడీ ఎలిసన్. 6-2తో మనవాళ్ళు ఓడిపోయారు. ఒలింపిక్ ఆర్చరీలో ఇండియా మెడల్‌కి అంత దగ్గరగా వెళ్ళటం అదే మొదటిసారి. ఆ రోజు అవతల నిలబడిన ఎలిసన్ గురించి తర్వాత చదువుకుంటూ పోతే ఒక విషయం దగ్గర చాలామంది ఆగిపోతారు, ఇతను చిన్నప్పటి నుంచి విల్లుతో వేటాడే మనిషి, ఇప్పటికీ సీజన్ వస్తే విల్లు పట్టుకుని అడవికి వెళ్ళే మనిషి.

అది తెలిసిన వెంటనే జనం రెండు రకాలుగా మాట్లాడతారు. కొందరేమో "ఓహో వేటగాడు కాబట్టే అంత గురి" అంటారు. ఇంకొందరు "జంతువుల్ని చంపేవాడికి ఒలింపిక్స్ ఏంటి, రెండిటికీ సంబంధం ఏంటి" అంటారు. నాకైతే రెండూ సగం సగం మాటలే అనిపిస్తాయి. వేటలో వాడే విల్లు, ఒలింపిక్స్‌లో వాడే విల్లు అసలు ఒకే వస్తువు కాదు, ఆ రెండు పనులకి కావాల్సిన నైపుణ్యం కూడా చాలావరకు ఒకటి కాదు, కానీ అమెరికాలో ఈ రెండు ప్రపంచాలూ డబ్బు పరంగా, చరిత్ర పరంగా, మనుషుల పరంగా ఎంతలా అల్లుకుపోయాయంటే ఒకటి లేకుండా రెండోది ఊహించటం కష్టం. ఎలిసన్ జీవితం చూస్తే ఆ చిక్కు ఎక్కడ మొదలై ఎక్కడ విడిపోతుందో బాగా కనిపిస్తుంది, అందుకే అతన్నే తీసుకున్నా.

పుట్టింది 1988 అక్టోబర్ 27న. ఊరు అరిజోనా రాష్ట్రంలోని గ్లోబ్, రాగి గనుల మీద బతికిన చిన్న ఊరు, చుట్టూ కొండలు, ఎడారి పొదలు, ఇంకాస్త పైకెళ్తే పైన్ చెట్ల అడవి. అలాంటి చోట విల్లు అనేది స్పోర్ట్స్ సామాను కంటే ముందు వేట సామాను. ఎలిసన్ కుటుంబం కూడా అలాగే విల్లు దగ్గరకి వచ్చింది, వేట కోసం. కానీ పిల్లాడిగా అతనికి పెర్థెస్ అనే జబ్బు ఉండేది. తొడ ఎముక పైన తుంటిలో కూర్చునే గుండ్రటి భాగం ఉంటుంది కదా, దానికి రక్తం సరిగా అందక ఎముక మెత్తబడి పాడవటం మొదలవుతుంది, పిల్లల్లోనే వచ్చే అరుదైన జబ్బు. కాళ్ళకి బ్రేసులు వేసుకుని తిరగాల్సి వచ్చింది. పరుగెత్తే ఆటలకి ఆ వయసులో దూరంగా ఉండాల్సిన పిల్లాడికి ఒకచోట నిలబడి ఆడే ఆట దొరకటం, అదే మిగతా జీవితం అవ్వటం, నాకు ఈ కథలో బాగా నచ్చే సంగతి ఇది.

మొదట్లో అతను వేసింది కాంపౌండ్ విల్లుతో. జూనియర్ లెవెల్లో అంతర్జాతీయ మెడల్స్ కూడా దాంతోనే కొట్టాడు. ఇక్కడ కాస్త ఆగి రెండు విల్లుల తేడా చెప్పుకోకపోతే తర్వాత ఏదీ అర్థం కాదు.

కాంపౌండ్ అంటే రెండు చివర్లా చక్రాల లాంటివి ఉండే విల్లు, వాటిని క్యామ్‌లు అంటారు. అవి గుండ్రంగా ఉండవు, ఒక పక్కకి సాగి ఉంటాయి, అందువల్ల లాగుతున్నప్పుడు మధ్యలో బరువు పీక్‌కి వెళ్ళి చివరికి వచ్చేసరికి ఒక్కసారిగా తగ్గిపోతుంది. దాన్ని లెట్ ఆఫ్ అంటారు. లెక్క చూడండి, 70 పౌండ్ల విల్లు, 80 శాతం లెట్ ఆఫ్ అయితే పూర్తిగా లాగాక చేతి మీద ఉండే బరువు 14 పౌండ్లే. అలా లాగి పట్టుకుని చాలాసేపు ఉండొచ్చు. తీగని వేళ్ళతో వదలరు, రిలీజ్ అనే చిన్న పరికరం ఉంటుంది. తీగలోనే చిన్న రంధ్రం లాంటి పీప్ ఉంటుంది, అందులోంచి చూస్తే ముందు భూతద్దం ఉన్న స్కోప్, నీటిమట్టం కూడా ఉంటుంది. మన జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో మూడు గోల్డ్‌లు కొట్టింది ఈ విల్లుతోనే.

రికర్వ్ అంటే చివర్లు ముందుకి వంగి ఉండే విల్లు, పారిస్ ఒలింపిక్స్‌లో వ్యక్తిగత పోటీ, టీమ్ పోటీ అన్నీ దీనితోనే. ఇందులో లెట్ ఆఫ్ లేదు. ఎంత లాగితే అంత బరువు పెరుగుతూనే ఉంటుంది, పూర్తిగా లాగినప్పుడే అన్నిటికంటే ఎక్కువ బరువు, అదే క్షణంలో అన్నిటికంటే నిశ్చలంగా ఉండాలి. తీగ మూడు వేళ్ళ మీద ఉంటుంది, మధ్యలో చిన్న తోలు ముక్క, దాన్ని ట్యాబ్ అంటారు. భూతద్దం లేదు, పీప్ లేదు. 48 పౌండ్ల విల్లు అనుకుందాం, ఎవరు ఎవరితో ఆడాలో తేల్చే ర్యాంకింగ్ రౌండ్‌లో 72 బాణాలు వేస్తారు, అంటే ఒక్క పూటలో మొత్తం లాగేది ఒకటిన్నర టన్ను పైమాటే. ప్రాక్టీస్‌లో రోజుకి 300 వేస్తే ఆరున్నర టన్నులు, ఆ బరువంతా మూడు వేళ్ళ మీదుగా పోతుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, కొంచెం తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు వేట సంగతి. అమెరికాలో ఇప్పుడు విల్లుతో వేటాడేవాళ్ళలో ఎక్కువమంది చేతిలో ఉండేది కాంపౌండ్. అసలు కాంపౌండ్ పుట్టిందే వేట కోసం. మిస్సోరి రాష్ట్రంలో హోలిస్ విల్బర్ అలెన్ అనే వేటగాడు ఉండేవాడు, జింక మీద బాణం వేస్తే బాణం చేరేలోపే అది కదిలిపోతోంది, ఇంకా వేగంగా వెళ్ళే బాణం కావాలి అని తనే చెక్కలూ చక్రాలూ పెట్టి తయారు చేసుకున్నాడు. 1966లో పేటెంట్‌కి అప్లై చేశాడు, 1969లో వచ్చింది. మొదట్లో పాతకాలం విల్లుల వాళ్ళు దీన్ని విల్లే కాదన్నారు, కానీ వేటగాళ్ళు పట్టేసుకున్నారు, వాళ్ళ వెనకాల పోటీలూ వచ్చాయి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోకి కాంపౌండ్ వచ్చింది 1995లో మాత్రమే.

బాణం చేరేలోపు జింక కదలటం అనేది కట్టుకథ కాదు, దానికీ లెక్క ఉంది. 30 గజాల దూరంలో జింక ఉందనుకోండి, అంటే 90 అడుగులు. మంచి కాంపౌండ్ బాణం సెకనుకి 280 అడుగులు వెళ్తుందనుకుంటే అక్కడికి చేరటానికి సెకనులో మూడో వంతు పడుతుంది. విల్లు వదిలినప్పుడు వచ్చే టప్ మనే శబ్దం మాత్రం సెకనుకి దాదాపు 1100 అడుగులు వెళ్తుంది, అంటే అది ముందే చేరిపోతుంది. ఆ రెండిటి మధ్య పావు సెకను జింక చేతిలో ఉంటుంది. బెదిరిన జింక ఎగిరి పరిగెత్తటానికి ముందు కాళ్ళు మడిచి కిందకి కుంగుతుంది, ఆ కుంగటం సరిపోతుంది బాణం వీపు పైనుంచి పోవటానికి, లేదా తగలకూడని చోట తగలటానికి. అందుకే వేటకి వాడే విల్లులకి శబ్దం తగ్గించే రబ్బరు ముక్కలు కడతారు, అందుకే అనుభవం ఉన్నవాళ్ళు దూరం నుంచి వేయగలిగినా వేయరు.

గురి విషయంలో మాత్రం వేట తేలికే, కనీసం కాగితం మీద. జింక ఊపిరితిత్తులు గుండె ఉండే భాగం అడ్డంగా ఇరవై సెంటీమీటర్లు అనుకుందాం, 30 గజాల నుంచి. ఒలింపిక్స్‌లో 70 మీటర్ల దూరంలో 122 సెంటీమీటర్ల టార్గెట్, అందులో పది పాయింట్ల వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లు. కోణం లెక్క వేస్తే వేట లక్ష్యం నాలుగు రెట్లు పెద్దది. కానీ ఒలింపిక్స్‌లో దూరం ముందే తెలుసు, నేల చదును, వార్మప్ అయి ఉంటుంది, ఈ బాణం ఎడమకి పోతే సైట్, అంటే విల్లు మీద గురి చూసే పరికరం, రెండు క్లిక్కులు తిప్పి ఇంకోటి వేయొచ్చు. వేటలో ఆరు గంటలు కదలకుండా కూర్చుని, చలికి చేతులు బిగుసుకుపోయి ఉన్నప్పుడు, ఏటవాలు కొండ మీద, చెట్టు కొమ్మల మధ్యలోంచి, ఒక్క బాణం. సైట్ సరిచేసుకునే రెండో బాణం లేదు. పైగా బాణం ముక్కుకి బ్లేడ్లు ఉండే బ్రాడ్‌హెడ్ ఉంటుంది, ఆ బ్లేడ్లు గాలిని పట్టుకుంటాయి, విల్లు ట్యూనింగ్ కొంచెం తేడా ఉన్నా బాణం ఎటో పోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా ఇక్కడ తప్పు వేస్తే పాయింటు పోవటం కాదు, ఒక ప్రాణి గాయంతో ఎక్కడికో వెళ్ళి గంటలు గంటలు బాధపడుతుంది. రక్తపు చుక్కలు వెతుక్కుంటూ రాత్రంతా వెళ్ళాల్సి వస్తుంది, కొన్నిసార్లు దొరకదు. ఆ బరువు తెలిసిన మనిషే "ఈ షాట్ నేను వేయను" అని విల్లు దించేస్తాడు. నా దృష్టిలో మంచి వేటగాడికి ఉండే అసలు నైపుణ్యం అదే, వేయకుండా ఉండగలగటం.

ఇక్కడే పోటీ ఆర్చరీతో ఒక పెద్ద తేడా. ఒలింపిక్ మ్యాచ్‌లో నీ వంతు వచ్చాక బాణానికి 20 సెకన్లు. గాలి బాగోలేదని వదిలేసి ఇంటికెళ్ళే వీలు లేదు, వేయకపోతే సున్నా. అరగంటలో అవే ఇరవై సెకన్లు పదేపదే, ప్రతిసారీ అచ్చం ముందుసారి లాగే, ఒక మిల్లీమీటరు కూడా తేడా లేకుండా. దీన్ని సాధించటానికి రికర్వ్ వాళ్ళకి ఒక చిన్న ఉక్కు రేకు ఉంటుంది, దాని పేరు క్లిక్కర్. బాణాన్ని దాని కింద పెట్టి లాగుతారు, బాణం ముక్కు దాన్ని దాటిన క్షణాన టిక్ అని చప్పుడు వస్తుంది, ఆ చప్పుడుకి వదలాలి. ప్రతి బాణమూ ఒకే పొడవు లాగేలా చూడటం దాని ఒక పని. రెండో పని ఇంకా ముఖ్యం, "ఎప్పుడు వదలాలి" అనే నిర్ణయాన్ని మెదడు నుంచి లాక్కోవటం.

ఎందుకంటే ఆర్చర్లకి ఒక జబ్బు లాంటిది వస్తుంది, టార్గెట్ ప్యానిక్ అంటారు. గురి టార్గెట్ మధ్యలో ఉండే పసుపు రంగు మీదకి రాకముందే వేళ్ళు వాటంతట అవే వదిలేస్తాయి, లేదా పక్కనే ఆగిపోయి ఎంత ప్రయత్నించినా మధ్యలోకి రాదు. ఏళ్ళ తరబడి బాగా వేసినవాళ్ళకే వస్తుంది. చూపు, వదలటం రెండూ ముడిపడిపోయి, కనిపించగానే వదిలేసే రిఫ్లెక్స్ తయారవుతుంది. వేటగాళ్ళకి కూడా దాదాపు ఇలాంటిదే ఉంటుంది, పెద్ద కొమ్ముల జింక కనపడగానే గుండె దడదడలాడి, చేతులు వణికి, సైట్‌లోంచి చూడటం కూడా మర్చిపోయి వదిలేస్తారు. పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ ఒకటి లక్ష సార్లు చేయటం వల్ల వచ్చేది, ఇంకోటి చాలా అరుదుగా చేయటం వల్ల వచ్చేది. ఒకదానికి మందు ఇంకోదానికి పనిచేయదు. వేటలో పెరిగాడు కాబట్టి ఒలింపిక్స్‌లో టెన్షన్ ఉండదు అనే మాట నేను ఒప్పుకోనిది ఇందుకే.

మళ్ళీ కథలోకి వస్తే, 2006లో అమెరికా జట్టుకి కొరియా నుంచి వచ్చిన కీసిక్ లీ కోచ్ అయ్యాడు. అంతకుముందు కొరియాలో, తర్వాత ఆస్ట్రేలియాలో పనిచేసిన మనిషి, 2000 సిడ్నీలో సైమన్ ఫెయిర్‌వెదర్‌కి గోల్డ్ వచ్చింది ఇతని కోచింగ్‌లోనే. ఎలిసన్ ఆ సమయంలోనే కాంపౌండ్ పక్కన పెట్టి రికర్వ్ పట్టుకుని, కాలిఫోర్నియాలోని చులా విస్టా ట్రైనింగ్ సెంటర్‌కి వెళ్ళాడు. కారణం సూటిగా చెప్పాలంటే ఒలింపిక్స్, అందులో కాంపౌండ్ లేదు కాబట్టి. టీనేజ్ చివర్లో విల్లు మార్చటం అంటే బైక్ నుంచి కారుకి మారినంత తేలిక కాదు, పీప్‌లోంచి చూసే అలవాటు, రిలీజ్ నొక్కే అలవాటు, లాగి పట్టుకుని ఊపిరి పీల్చుకునే అలవాటు అన్నీ తీసేసి భుజం ఎముకలు, వీపు కండరాలు ఎలా పనిచేయాలో మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. రెండేళ్ళలో 2008 బీజింగ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. మెడల్ రాలేదు, కానీ రెండేళ్ళలో అక్కడికి చేరటమే ఆశ్చర్యం.

అంటే వేట అతనికి ఇచ్చిందేంటి, కొరియన్ పద్ధతి ఇచ్చిందేంటి అని విడదీస్తే, విల్లు మీద ప్రేమ, చిన్నప్పటి నుంచి చేతిలో విల్లు ఉండటం, పరికరాన్ని విప్పి బిగించి సొంతంగా ట్యూన్ చేసుకునే జ్ఞానం, ఇవి మొదటి దాని నుంచి. 70 మీటర్ల నుంచి 72 బాణాలు ఒకేలా వేసే టెక్నిక్ పూర్తిగా రెండో దాని నుంచి. కొరియానే చూడండి, ఈ ఆటలో దశాబ్దాలుగా అందరికంటే పైన ఉన్న దేశం, అక్కడి ఛాంపియన్లు వచ్చేది స్కూల్ టీముల నుంచి, కంపెనీ టీముల నుంచి, నెలల తరబడి సాగే సెలెక్షన్ పోటీల నుంచి, వేట నుంచి కాదు. వేటే గురి నేర్పేదైతే మెడల్స్ అన్నీ అమెరికాకే రావాలి కదా.

మరి అమెరికాలో ఈ రెండూ ఎందుకు కలిసే ఉన్నాయి అంటే చరిత్ర కొంచెం వెనక్కి వెళ్ళాలి. అంతర్యుద్ధంలో ఓడిపోయిన దక్షిణాది సైన్యంలో మారిస్ థాంప్సన్, విల్ థాంప్సన్ అని ఇద్దరు అన్నదమ్ములు. యుద్ధం తర్వాత వాళ్ళు తుపాకీ బదులు విల్లు పట్టుకుని ఫ్లోరిడా అడవుల్లో, చిత్తడి నేలల్లో తిరిగారు, వేటాడుకుని తిన్నారు. మారిస్ ఆ అనుభవాలు రాస్తే అమెరికా అంతా విల్లు పిచ్చి పట్టుకుంది. 1879లో ఇండియానా రాష్ట్రంలోని క్రాఫర్డ్స్‌విల్‌లో జాతీయ ఆర్చరీ సంఘం పెట్టారు, మారిసే మొదటి అధ్యక్షుడు, అదే ఏడాది షికాగోలో జరిగిన మొదటి జాతీయ పోటీలో గెలిచింది తమ్ముడు విల్. ఆ విల్ 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో టీమ్ గోల్డ్ కూడా కొట్టాడు. అంటే అక్కడ పోటీ ఆర్చరీకి పునాది వేసినవాళ్ళే వేటగాళ్ళు, ఎలిసన్ లాంటివాడు ఆ వరసలో ఎక్కడో వచ్చిన వింత కాదు.

చరిత్ర ఒకటైతే డబ్బు రెండోది. అమెరికాలో ఒలింపిక్ సంఘానికి మన దగ్గర లాగా ప్రభుత్వం నిధులు ఇవ్వదు. పారిస్‌లో మెడల్ కొడితే సంఘం ఇచ్చేది గోల్డ్‌కి 37,500 డాలర్లు, సిల్వర్‌కి 22,500, బ్రాంజ్‌కి 15,000, అది కూడా నాలుగేళ్ళకోసారి వచ్చే అవకాశం. మిగతా బతుకంతా పోటీల ప్రైజ్ మనీ, స్పాన్సర్లు. ఆ స్పాన్సర్లు ఎవరంటే విల్లులు, బాణాలు, సైట్లు తయారుచేసే కంపెనీలు, వాళ్ళ సామాను ఎక్కువగా కొనేది ఒలింపిక్ ఆటగాళ్ళు కాదు, వేటగాళ్ళు. కార్బన్ బాణాలు, మెరుగైన సైట్లు లాంటివాటి మీద పరిశోధనకి పెట్టే డబ్బులో పెద్ద వాటా ఆ మార్కెట్ నుంచే వస్తుంది. అందుకే అక్కడ వేటగాళ్ళ కోసం మొదలైన పోటీలు కూడా బోలెడు, అడవిలో ఫోమ్‌తో చేసిన జింకల బొమ్మలు పెట్టి, దూరం చెప్పకుండా వేయమనే 3డి పోటీలు, కొండ దారుల్లో నడుస్తూ వేసే ఫీల్డ్ పోటీలు. ఒక పిల్లాడు నాన్నతో ఆదివారం ఫోమ్ జింక మీద బాణం వేయటం మొదలుపెట్టి, అక్కడి నుంచి క్లబ్బు, అక్కడి నుంచి జూనియర్ పోటీలు, ఈ మెట్లు అక్కడ సహజంగా ఉన్నాయి.

ఇంకో లెక్క చాలామందికి తెలియదు. 1937లో పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం అని ఒకటి చేశారు, తుపాకుల మీద వచ్చే పన్ను నేరుగా వన్యప్రాణుల సంరక్షణకి వెళ్ళాలని. 1972లో అందులో విల్లులనీ చేర్చారు, 11 శాతం. ఆ డబ్బు రాష్ట్రాలకి వెళ్తుంది, అడవుల పునరుద్ధరణ, జంతువుల లెక్కలు, వేటకి ముందు చేసే భద్రతా శిక్షణ, షూటింగ్ రేంజులు, ఆర్చరీ రేంజులు. ఇక్కడ చిత్రం ఏంటంటే జింకని జన్మలో తాకని ఒలింపిక్ ఆర్చర్ కొన్న విల్లు మీద పన్ను కూడా అడవికే పోతుంది, వేటగాడు కట్టిన పన్నుతో ఊళ్ళో పిల్లలకి ఆర్చరీ రేంజ్ వస్తుంది.

వేట గురించి నా మాట కూడా దాచకుండా చెప్తా. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరం, ఆ వాతావరణంలో పెరిగిన నాకు చంపిన జంతువు పక్కన నవ్వుతూ దిగిన ఫోటో చూస్తే ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. కానీ అక్కడి పద్ధతి చదివాక అది మన సినిమాల్లో చూపించే దొంగ వేట లాంటిది కాదని అర్థమైంది. రాష్ట్రం ముందు జంతువుల్ని లెక్కపెట్టి, ఎన్నింటిని వేటాడొచ్చో నిర్ణయించి, అన్నే పర్మిట్లు ఇస్తుంది, దాన్నే ట్యాగ్ అంటారు. అరిజోనాలో ఎల్క్ అనే పెద్ద దుప్పి ట్యాగ్ కావాలంటే లాటరీ, కొన్ని ప్రాంతాలకి ఏళ్ళ తరబడి అప్లై చేస్తూనే ఉంటారు. ట్యాగ్ వచ్చినా విల్లుతో వెళ్ళినవాళ్ళలో చాలామంది ఖాళీ చేతులతోనే తిరిగొస్తారు, ఎందుకంటే విల్లు పనిచేసే దూరానికి వెళ్ళాలంటే గాలి ఎటు వీస్తోందో చూసుకుంటూ, చప్పుడు లేకుండా, జంతువు ముక్కుకీ చెవికీ దొరక్కుండా వెళ్ళాలి.

ఇక ఎలిసన్ కెరీర్ పైకీ కిందకీ ఎలా వెళ్ళిందో. 2012 లండన్‌కి వరల్డ్ నంబర్ వన్‌గా వెళ్ళాడు, వ్యక్తిగత పోటీలో తొందరగానే బయటికి వచ్చేశాడు. టీమ్‌లో జేక్ కమిన్‌స్కీ, జేకబ్ వూకీతో కలిసి సెమీస్‌లో కొరియాని ఓడించారు, ఫైనల్లో ఇటలీతో చివరి బాణం దాకా వచ్చింది, ఇటలీ ఫ్రాంజిల్లి ఆఖరి బాణం పదిలో దించాడు, 219-218. ఒక్క పాయింటు. 2016 రియోలో టీమ్ సిల్వర్ మళ్ళీ, వ్యక్తిగత సెమీస్‌లో కొరియా కూ బోన్‌చాన్ చేతిలో షూట్ ఆఫ్‌లో, అంటే స్కోరు సమానమైతే వేసే ఒక్క బాణంలో, ఓడి, తర్వాత కాంస్యం గెలిచాడు. అదే ఏడాది స్లొవేనియా కాంపౌండ్ ఆర్చర్ తోయాని పెళ్ళి చేసుకున్నాడు.

2018లో ఇందాక గుర్తుపెట్టుకోమన్న టన్నుల లెక్క బాకీ వసూలు చేయటానికి వచ్చింది. తీగ లాగే వేళ్ళలో భరించలేని నొప్పి, ఆట మానేద్దామా అన్నంత దాకా వెళ్ళాడు. అలాంటి స్థితి నుంచి మరుసటి ఏడు, 2019లో, నెదర్లాండ్స్‌లోని డెన్ బాష్‌లో ప్రపంచ ఛాంపియన్. 1985లో రిక్ మెకిన్నీ తర్వాత రికర్వ్ వ్యక్తిగత పోటీలో ఆ టైటిల్ గెలిచిన మొదటి అమెరికన్ పురుషుడు. అదే ఏడాది ఆగస్టులో లిమాలో పాన్ అమెరికన్ గేమ్స్ ర్యాంకింగ్ రౌండ్‌లో 720కి 702 వేశాడు, అప్పటిదాకా ఉన్న రికార్డు రియోలో కిమ్ ఊజిన్ వేసిన 700. డెబ్బై రెండు బాణాల్లో మొత్తం పోగొట్టుకున్నది పద్దెనిమిది పాయింట్లే. టోక్యోకి వచ్చేసరికి మళ్ళీ ఖాళీ, క్వార్టర్స్‌లో టర్కీ కుర్రాడు మెతె గజోజ్ చేతిలో ఓడిపోయాడు, ఆ గజోజే చివరికి గోల్డ్ కొట్టాడు.

ఇలా రికార్డు వేసినవాడే మ్యాచ్‌లో పోవటానికి ఒక కారణం రూల్స్‌లోనే ఉంది. 2010 నుంచి వ్యక్తిగత రికర్వ్ మ్యాచ్‌లు సెట్ పద్ధతిలో జరుగుతున్నాయి, సెట్‌కి మూడు బాణాలు, గెలిస్తే రెండు పాయింట్లు, సమానమైతే చెరొకటి, ముందు ఆరు వచ్చినవాడు విన్నర్. 72 బాణాల్లో అందరికంటే మెరుగైనవాడు ఎవరో తేలటం వేరు, మూడు బాణాల్లో ఈ క్షణం ఎవరో తేలటం వేరు. 5-5 అయితే ఒక్క బాణం, మధ్యకి దగ్గరగా ఉన్నది గెలుస్తుంది. పోటీ ఆర్చరీ మొత్తంలో వేటకి నిజంగా దగ్గరగా వచ్చేది ఈ ఒక్క చోటే, రెండో బాణం లేదు, సరిచేసుకోవటం లేదు. అయినా వేటలో లాగా విల్లు దించేసి ఇంకో రోజు వస్తా అనే దారి ఇక్కడ లేదు, గడియారం నడుస్తూ ఉంటుంది.

2024 ఆగస్టు 4, మన ధీరజ్‌తో మ్యాచ్ అయిన రెండు రోజులకి, అదే పారిస్‌లో పురుషుల ఫైనల్. ఎలిసన్‌కి 35 ఏళ్ళు, ఎదురుగా కిమ్ ఊజిన్, తన రికార్డు ఎవరి 700 దాటి వచ్చిందో ఆ మనిషే. నాలుగు సెట్లకి 4-4. ఐదో సెట్‌లో ఇద్దరూ మూడేసి పదులు వేశారు, 30-30. షూట్ ఆఫ్. కిమ్ పది వేశాడు, ఎలిసన్ కూడా పది వేశాడు. కొలిస్తే కిమ్ బాణం మధ్య నుంచి 55.8 మిల్లీమీటర్లు, ఎలిసన్‌ది 60.7. తేడా 4.9 మిల్లీమీటర్లు. పది వలయం మధ్య నుంచి అంచుకి 61 మిల్లీమీటర్లు కాబట్టి, రెండు బాణాలూ పది అంచు దగ్గరే ఉన్నాయి, ఎంతో గొప్పగా వేసిన మ్యాచ్‌లో చివరి బాణాలే ఇద్దరికీ కొంచెం జారాయి. బాణం పొడవు సుమారు 70 సెంటీమీటర్లు, టార్గెట్ దూరం 70 మీటర్లు, అంటే నూరు రెట్లు, కాబట్టి బాణం ముక్కు దగ్గర ఒక మిల్లీమీటరు కదిలితే టార్గెట్ మీద పది సెంటీమీటర్లు కదులుతుంది. ఆ లెక్కన ఒలింపిక్ గోల్డ్‌కీ సిల్వర్‌కీ మధ్య విల్లు దగ్గర ఉన్న తేడా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, ఇంచుమించు ఒక వెంట్రుక మందం. స్కోరు తెలిశాక ఎలిసన్ వెళ్ళి కిమ్‌ని కౌగిలించుకుని అతని చెయ్యి పట్టుకుని పైకెత్తాడు.

అతనికి అది ఐదో ఒలింపిక్ మెడల్. 2028 లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ కూడా పెడుతున్నారు, అంటే మిస్సోరి వేటగాడు జింక కోసం చేసుకున్న విల్లు మొదటిసారి ఒలింపిక్స్ గీత మీద నిలబడబోతోంది.